వెలుగుకు పురి ఎక్కిస్తే...

మా కాప్రాలో ఏ.ఎస్. రావు నగర్ తెలియనివాళ్లు ఉండరు. ఆ ఏ.ఎస్. రావు ఎవరని అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త. 1967లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని ముందుండి నడిపించిన మనిషి. పరికరాన్ని బయట కొనుక్కోవడం కాదు, ఇక్కడే తయారుచేయాలన్నది ఆయన పట్టుదల. ఈసీ టీవీ ముందు కూర్చుని పెరిగిన తరానికి ఆ పట్టుదల ఫలితం తెలుసు.

ఇప్పుడు ప్రపంచం ఇంకో రకం తయారీ వెనక పడింది. అది గాజు కటకం చేసే పనిని దుమ్ము రేణువంత మందం కూడా లేని పలకతో చేయించడం. ఆ పలక మీద కాంతి పడితే అవతలి వైపు నుంచి పురి తిరిగిన కాంతి వస్తుంది. దీని వెనకున్న ఆలోచనల్లో ముఖ్యమైనవి రెండు మన దేశంలో పుట్టినవే. అందులో ఒకదానిలో కృష్ణా జిల్లా మనిషి చెయ్యి ఉంది. ఆ కథ చెప్పాలనే ఈ వ్యాసం.

పురి అంటే?

కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవాళ్లకు పురి గురించి చెప్పక్కర్లేదు. మరి కాంతికి పురి ఏమిటి?

మామూలు లేజర్ కిరణంలో అలలు బల్లపరుపుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అప్పడాల దొంతర అనుకోండి. పురి కాంతిలో అలా కాదు. అల ముఖం చుట్టూ తిరుగుతూ ముందుకు పోతుంది, చార్మినార్ మినారు లోపల మెట్లు చుట్టూ తిరుగుతూ పైకి పోయినట్టు. కిరణం వంకర తిరగదు, నేరుగానే పోతుంది. మెలిక ఉండేది అల ఆకారంలో.

ఈ మాట కుషాయిగూడలో లేత్ వర్క్‌షాప్ నడిపే ఒక పెద్దాయనకు చెప్పాను. ఆయన్ని నేను అన్నా అంటాను. కాగితం మీద బొమ్మ గీస్తే ఒక్క చూపు చూసి, "గిది మాకు రోజూ ఉండే పనే గద సార్, థ్రెడ్డింగ్!" అన్నాడు. రెండో బొమ్మ గీశాను. "గిది డబుల్ స్టార్ట్," అన్నాడు. సరిగ్గా అదే. మామూలు బోల్టుకు ఒకే గాడి చుట్టూ తిరుగుతుంది. కొన్ని స్క్రూలకు రెండు గాళ్లు జంటగా తిరుగుతాయి, కొన్నింటికి మూడు. పురి కాంతి కూడా అంతే. ఒక మెలిక, రెండు మెలికలు, మూడు మెలికలు... లెక్క ఎప్పుడూ పూర్ణాంకమే. సైకిల్ ఎడమ పెడల్‌కి ఎడమ మర ఉన్నట్టు, కాంతికీ కుడి పురి, ఎడమ పురి రెండూ ఉంటాయి.

ఇలాంటి కిరణం గోడ మీద పడితే మధ్యలో చుక్క వెలుగు ఉండదు. గారె ఆకారంలో వెలుగు, నడుమ చీకటి చిల్లు. ఎందుకంటే మెట్ల మధ్యనున్న ఇరుసు దగ్గర అన్ని మెట్లూ కలుస్తాయి. అక్కడ పైకి లేచే అల, కిందికి దిగే అల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది చీకటి.

ఇలాంటి కాంతికి తిప్పే బలం ఉంటుందనీ, అది మెలికల లెక్కను బట్టి పెరుగుతుందనీ 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో లెస్ అలెన్, ఆయన సహచరులు లెక్కగట్టి చూపించారు. పురి కాంతి పరిశోధనకు అదే అసలు మొదలు. అయితే కాంతిలో తిప్పుడు ఉందా అన్న వెతుకులాట అంతకు 60 ఏళ్ల ముందే, కలకత్తాలో సాగింది.

ఆగిరిపల్లి నుంచి ఫోటాన్ దాకా

సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్నారు. తర్వాత కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్‌కూ తెలుగునేలతో బంధం ఉంది, ఆయన బడి చదువు విశాఖపట్నంలోనే సాగింది.

1931లో రామన్, భగవంతం కలిసి ఒక ప్రయోగం గురించి రాశారు. పదార్థంలో పడి చెదిరిన కాంతిని జాగ్రత్తగా కొలిచి, ఫోటాన్‌కు, అంటే కాంతి కణానికి, తనదైన ఒక స్పిన్ ఉందని వాదించారు. మరుసటి ఏడాది అది 'నేచర్' పత్రికలోనూ వచ్చింది. అప్పటికి భగవంతానికి 22 ఏళ్లు. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ సన్నటి క్వార్ట్జ్ దారానికి ఒక పలకను వేలాడదీసి, దాని గుండా కాంతిని పంపి, ఆ పలక నిజంగానే మెలితిరగడం చూపించాడు. కాంతి వస్తువును తిప్పగలదన్నది అలా కంటికి కనిపించింది.

ఇక్కడ రెండు తిప్పుళ్లను విడదీసి చూడాలి. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, సూర్యుడి చుట్టూనూ తిరుగుతుంది. కాంతిలోనూ రెండున్నాయి. రామన్, భగవంతం వెతికింది మొదటిది, అంటే స్పిన్. కాంతి అల కంపించే దిశే గుండ్రంగా తిరుగుతూ రావడం. అలెన్ లెక్కగట్టింది రెండోది. అల ముఖం మొత్తం ఇరుసు చుట్టూ మెట్లలా తిరగడం. స్పిన్‌కు కుడి, ఎడమ, ఈ రెండే కొలమానాలు. పురికి అలాంటి హద్దు లేదు, ఎన్ని మెలికలైనా వేయొచ్చు. అందుకే శాస్త్రవేత్తల కన్ను పురి మీద పడింది.

భగవంతం తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఆ పదవుల గురించి తెలిసినంతగా 1931 నాటి ఆ పని గురించి మనవాళ్లకు తెలియదనిపిస్తుంది నాకు.

పంచరత్నం లెక్క

రెండో ఆలోచన రామన్ మేనల్లుడిది. పేరు ఎస్. పంచరత్నం. 1956లో, 22 ఏళ్ల వయసులో, బెంగళూరులో ఉండగా ఒక విచిత్రమైన సంగతి కనిపెట్టాడు.

కాంతి కంపించే తీరును పోలరైజేషన్ అంటారు. దాన్ని ఒక స్థితి నుంచి బయల్దేరదీసి, వేరే స్థితుల గుండా తిప్పి, మళ్లీ మొదటి స్థితికే తెచ్చారనుకోండి. పైకి చూస్తే ఏ మార్పూ లేదు. కానీ అల కదలికలో, అంటే ఫేజ్‌లో, ఒక తేడా మిగిలిపోతుంది. ఆ తేడా ఎంత దూరం నడిచిందన్న దాన్ని బట్టి కాదు, ఏ దారిలో తిరిగి వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. గుడి చుట్టూ తిరిగి ధ్వజస్తంభం దగ్గరికే వచ్చినా లెక్కలో ఒక ప్రదక్షిణ చేరుతుంది కదా, అలాగన్నమాట.

చాలా ఏళ్లు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1984లో ఇంగ్లండ్‌లో మైఖేల్ బెర్రీ క్వాంటమ్ సిద్ధాంతంలో ఇలాంటిదే కనిపెట్టాడు. ఆ తర్వాత మన శాస్త్రవేత్తలే పంచరత్నం పాత వ్యాసాన్ని వెలికి తీసి చూపించారు. బెర్రీ కూడా ఆ ఘనతను మనసారా ఒప్పుకున్నాడు. అప్పటికి పంచరత్నం లేడు. 1969లో, 35 ఏళ్లకే, ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ తేడాను పంచరత్నం-బెర్రీ ఫేజ్ అంటోంది. పురి ఎక్కించే పలకలు చాలావరకు దీని మీదే పనిచేస్తాయి.

పలక లోపల ఏముంది?

కాంతికి పురి ఎక్కించే పాత పద్ధతి ఒకటుంది. గాజు పలకను చుట్టూ ర్యాంపులా చెక్కాలి. మందం ఉన్నచోట కాంతి ఎక్కువ ఆలస్యమవుతుంది, పలుచగా ఉన్నచోట తక్కువ. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఆలస్యం సరిగ్గా ఒక అల పొడవంత కావాలి. ఆకుపచ్చ లేజర్‌కైతే మామూలు గాజులో ఆ ర్యాంపు మొత్తం ఎత్తు ఒక మైక్రాన్. మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు! అంత నున్నగా ఏటవాలు చెక్కడం ఎంత కష్టమో మీరే ఊహించండి.

కొత్త పద్ధతిలో ర్యాంపు లేదు. పలక చదునుగానే ఉంటుంది. దాని మీద కంటికి కనిపించని స్తంభాలు లక్షల్లో ఉంటాయి. అన్నీ ఒకే ఎత్తు. దృశ్య కాంతికి వాడే రకంలో ఎత్తు 600 నానోమీటర్ల వరకు ఉంటుంది. మన వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల చిల్లర. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం 400 నానోమీటర్లు అనుకుంటే, ఒక మిల్లీమీటర్ పొడవు, ఒక మిల్లీమీటర్ వెడల్పు ఉన్న ముక్కలో 62 లక్షల స్తంభాలు పడతాయి. 2011 లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా సుమారు 67 లక్షలు. అంటే ఆవగింజంత చోటులో ఒక మహానగరం!

ఈ స్తంభాలు గుండ్రంగా కాకుండా ఇటుకల్లా పొడుగ్గా ఉంటాయి. ఎందుకో తెలియాలంటే ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్‌లోంచి చూస్తూ అద్దాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది. ఇప్పుడు పారదర్శకమైన ఒక ప్లాస్టిక్ షీట్ మీద సెల్లో టేపు ముక్కలు అడ్డదిడ్డంగా, పొరలు పొరలుగా అతికించి మధ్యలో పెట్టండి. రంగులు పుట్టుకొస్తాయి! టేపును తయారీలో ఒకవైపు సాగదీస్తారు. అందుకని ఆ దిశలో కంపించే కాంతికి ఒక వేగం, అడ్డంగా కంపించే కాంతికి ఇంకో వేగం. ఇటుకలాంటి స్తంభం చేసేదీ ఆ పనే. పొడుగు వైపు ఒక తీరు, వెడల్పు వైపు ఇంకో తీరు.

పంచరత్నం లెక్క ఇక్కడే పనికొస్తుంది. స్పిన్ ఉన్న కాంతి ఈ స్తంభం గుండా పోతే స్పిన్ కుడి నుంచి ఎడమకు మారుతుంది. పోతూ పోతూ, స్తంభం ఏ కోణంలో నిలబడి ఉందో దానికి రెట్టింపు ఫేజ్ తేడాను తీసుకుని పోతుంది. స్తంభం ఎత్తు మార్చక్కర్లేదు, మందం మార్చక్కర్లేదు. ఉన్నచోటే కాస్త తిప్పి నిలబెడితే చాలు. పలక కేంద్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేసరికి స్తంభాలు సగం చుట్టు తిరిగేలా అమర్చితే ఒక మెలిక కాంతి వస్తుంది. పూర్తి చుట్టు తిరిగేలా అమర్చితే రెండు మెలికలు.

లద్దాఖ్‌లోని హన్లేలో మేస్ అనే టెలిస్కోప్ ఉంది. దాని అద్దం 21 మీటర్ల వెడల్పు. దాన్ని తయారుచేసింది మా పక్కనే ఉన్న ఈసీఐఎల్. అంత పెద్ద అద్దాన్ని ఒకే ముక్కగా పోయలేరు. అందుకే 350కి పైగా పలకలు పేర్చి, ఒక్కోదాన్ని సరైన కోణానికి తిప్పి, అన్నీ కలిసి ఒకే అద్దంలా పనిచేసేలా చేశారు. చిన్న ముక్కల కోణాలు సరిచూసి పెద్ద పని చేయించుకోవడం అనే సూత్రమే ఈ నానో పలకలోనూ ఉంది. తేడా అల్లా పరిమాణంలోనే.

ఈ దారిని తెరిచినవాళ్లలో ఇజ్రాయెల్ టెక్నియాన్‌కు చెందిన ఎరెజ్ హస్మాన్ బృందం ఒకటి. 2002లోనే పంచరత్నం-బెర్రీ ఫేజ్‌తో పురి కిరణాలు తయారుచేశారు. 2011లో హార్వర్డ్‌లో ఫెడెరికో కపాసో బృందం ఇంగ్లిష్ 'వి' అక్షరంలాంటి బంగారు యాంటెన్నాలను సిలికాన్ మీద అమర్చి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతికి పురి ఎక్కించింది. 2017లో ఆ బృందమే ఇంకో మెట్టు ఎక్కింది. ఒకే పలక మీద ఒక పోలరైజేషన్ కాంతి పడితే ఒక లెక్క మెలికలు, ఇంకో పోలరైజేషన్ పడితే వేరే లెక్క మెలికలు వచ్చేలా చేసింది.

బంగారం కాంతిని కొంత మింగేస్తుంది. అందుకని దృశ్య కాంతికి టైటానియం డయాక్సైడ్ వాడుతున్నారు. గోడల పెయింటుకు తెలుపునిచ్చే పదార్థమే ఇది. దీనికి ముడి ఖనిజాల్లో ఒకటైన ఇల్మనైట్ మన భీమిలి తీరం నల్ల ఇసుకలోనూ ఉంది.

ఎందుకింత తిప్పలు?

మొదటిది సమాచారం. మళ్లీ బోల్టు దగ్గరికి వద్దాం. డబుల్ స్టార్ట్ బోల్టు డబుల్ స్టార్ట్ నట్టులోకే ఎక్కుతుంది. మూడు గాళ్లదానికి వేరే నట్టు కావాలి. అలాగే ఒక మెలిక కాంతి, రెండు మెలికల కాంతి ఒకే దారిలో కలిసి పోయినా, అవతల విడదీయొచ్చు. ఎదురు పురి ఉన్న పలక పెడితే దానికి సరిపడే కిరణం మాత్రం పురి విప్పుకుని నడుమ చుక్కగా వెలుగుతుంది. మిగతావి గారెల్లాగే ఉండిపోతాయి. అంటే ఒకే రంగు కాంతి మీద, ఒకే దారిలో, చాలా సందేశాలు పంపొచ్చు. 2013లో అమెరికా పరిశోధకులు ప్రత్యేకంగా చేసిన ఫైబర్‌లో 1.1 కిలోమీటర్ల దూరం, సెకనుకు 1.6 టెరాబిట్ల వేగంతో ఇలా పంపి చూపించారు. 2014లో వియన్నాలో నగరం మీదుగా 3 కిలోమీటర్ల దూరం గాలిలోనే పురి కాంతితో చిన్న బొమ్మలు పంపారు. వాటిలో మొజార్ట్ బొమ్మ ఒకటి.

అయితే రేపే మన ఇంటి ఇంటర్నెట్ స్పీడు పదింతలు అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మన వీధుల్లో వేసిన మామూలు ఫైబర్ నడుమ దారి మరీ సన్నం. చుక్కలాంటి కాంతి తప్ప గారెలాంటి కాంతి అందులో పోదు. గాలిలో పంపితే వేడి, సుడులు పురిని చెదరగొడతాయి. దూరం పెరిగేకొద్దీ కిరణం వెడల్పూ పెరుగుతుంది. ఈ చిక్కులు తీరేదాకా డేటా సెంటర్ల లోపల, చిన్న దూరాలకు మాత్రం ఆశ పెట్టుకోవచ్చు.

చీకటి చిల్లు వల్ల మాత్రం ఇప్పటికే లాభం ఉంది. 2014లో రసాయన శాస్త్రం నోబెల్ పంచుకున్న స్టెఫాన్ హెల్ మైక్రోస్కోప్‌లో గారెలాంటి లేజర్ కిరణమే కీలకం. కణంలో వెలుగుతున్న చుక్క అంచులను అది ఆర్పేస్తుంది. నడుమ మిగిలిన సూది మొనంత వెలుగుతో, మామూలు మైక్రోస్కోప్‌కు అందని వివరాలు కనిపిస్తాయి. పెద్ద టెలిస్కోపుల్లో నక్షత్రం వెలుగును ఆ చీకటి చిల్లులోకి నెట్టి, పక్కనున్న గ్రహం కోసం వెతుకుతున్నారు. ఇలాంటి పరికరాల్లో బరువైన గాజు సామాను బదులు ఒక చదును పలక చాలంటే, అవి చిన్నవవుతాయి, చవకవుతాయి.

మన వంతు ఎక్కడ?

మన ఊళ్లో ఈ విద్య తెలిసినవాళ్లు లేరని కాదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నిర్మల్ విశ్వనాథన్ చాలా ఏళ్లుగా ఇలాంటి కాంతి మీదే పనిచేస్తున్నారు. రెండు మోడ్‌ల ఫైబర్‌తో వెక్టర్ కిరణాలు తయారుచేయడం గురించి ఇనవల్లి అనే సహ పరిశోధకుడితో కలిసి 2009లో 'ఆప్టిక్స్ లెటర్స్' పత్రికలో రాశారు. ఈ వెక్టర్ కిరణాలు పురి కాంతికి దాయాదులే. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలోనూ ఆర్.పి. సింగ్ బృందం ఇదే దారిలో ఉంది. సిద్ధాంతం మనకు కొత్త కాదు, ప్రయోగం కొత్త కాదు.

కష్టమంతా తయారీలో ఉంది. పరిశోధనశాలల్లో స్తంభాలను ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కొక్కటిగా గీస్తారు. అరవై లక్షల స్తంభాలు గీయాలంటే సమయం, ఖర్చు రెండూ ఎక్కువే. పెద్ద ఎత్తున చేయాలంటే చిప్‌లు ముద్రించే యంత్రాలు కావాలి. హార్వర్డ్ పరిశోధన నుంచి పుట్టిన మెటలెంజ్ అనే కంపెనీ ఆ దారే పట్టింది. పురి కాంతికి కాకపోయినా, ఇదే రకం చదును పలకలు 2022 నుంచి ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ సెన్సర్లలోకి వచ్చేశాయి. మన దేశంలో నానో తయారీ సౌకర్యం ఉన్న పెద్ద చోట్లలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఒకటి. ఒకప్పుడు భగవంతం డైరెక్టర్‌గా ఉన్న సంస్థే అది. బయటి కాలేజీల విద్యార్థులకు, అధ్యాపకులకు అక్కడా, ఐఐటీ బొంబాయిలోనూ నానో తయారీ నేర్పే ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం 2008లోనే మొదలైంది. ఫిజిక్స్ ఎమ్మెస్సీ, ఈసీఈ బీటెక్ చేస్తున్న మన పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు. కోచింగ్ సెంటర్ల బోర్డులు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

నాకు బాధ కలిగించేది ఇదే. స్పిన్ గురించి 1931లో రాసినవాళ్లలో మన భగవంతం ఉన్నారు. ఫేజ్ లెక్క 1956లో బెంగళూరులో పుట్టింది. ఈ రెండూ కలిసిన పలక మాత్రం టెక్నియాన్‌లో, హార్వర్డ్‌లో తయారైంది. రేపు మన ఫోన్‌లోకో, ఆసుపత్రి మైక్రోస్కోప్‌లోకో అది వచ్చినప్పుడు దాని ధర డాలర్లలో కడతాం. ఆలోచన మనదని చెప్పుకుని మురిసిపోవడానికి ఆ బిల్లులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

దీనికి వేల కోట్ల ఫ్యాక్టరీతోనే మొదలుపెట్టాలని లేదు. టేపు ముక్కలతో రంగులు చూసిన పిల్లవాడు ఎందుకని అడిగితే, సిలబస్‌లో లేదు అనకుండా కూర్చుని చెప్పే లెక్చరర్ ఒకరు కావాలి. ఆ పిల్లవాడు డిగ్రీకి వచ్చేసరికి లేజర్ ఉన్న ల్యాబ్ తలుపు తాళం వేసి ఉండకూడదు. నానో తయారీ నేర్చుకుని వచ్చాక, చెర్లపల్లిలోనో మౌలాలిలోనో ఆ పని తెలిసినవాడికి ఉద్యోగం ఉండాలి. ఈ మూడింట్లో మొదటి రెండూ మన చేతుల్లో ఉన్నవే. మూడోది ఒకప్పుడు ఈసీఐఎల్ గేటు దగ్గర నిజమైంది. మళ్లీ కావడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, మొదలుపెట్టాలంతే.